ఎత్తైన కొండే ఎందుకు?

దసరా సెలవులకి కోటగిరి వచ్చాను. బయట కోత మిషన్లు తిరుగుతున్నాయి, రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోశారు. నేనేమో అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఫ్రాన్సులో మంచు ఎప్పుడు పడుతుందో చూస్తున్నా. మా టీములో ఐదుగురం ఫిబ్రవరిలో స్కీయింగుకి పోదామనుకుంటున్నాం లెండి. ఆ స్కీలు కాళ్ళకి ఎలా తగిలించుకోవాలో కూడా మాలో ఒక్కడికీ తెలీదు. చోటు మాత్రం మొదటి రోజే తేలిపోయింది: వాల్ థొరెన్స్. ఎందుకయ్యా అంటే, "యూరప్‌లో అన్నిట్లోకీ ఎత్తైన రిసార్టు మామా" అట. 2,300 మీటర్లు.

కాలేజీని ప్యాకేజీ చూసి ఎంచుకున్నాం, కంపెనీని బ్రాండు చూసి ఎంచుకున్నాం, ఇప్పుడు కొండని మీటర్లు చూసి ఎంచుకుంటున్నాం :)

ఎత్తుకి అసలు కారణం లేకపోలేదు. పైకి పోయేకొద్దీ చలెక్కువ, మంచు నిలుస్తుంది. 2022 డిసెంబరు చివర్లో ఆల్ప్స్‌లో వేడి పెరిగి, కింద ఉన్న రిసార్టులు చాలా వరకు పచ్చగడ్డితో మిగిలాయి. నెలల ముందే డబ్బు కట్టేవాడికి ఇది పెద్ద విషయమే. కానీ అంత ఎత్తులో చెట్లుండవు. మబ్బు దిగితే నేలకీ ఆకాశానికీ తేడా తెలీదు, చేయి తిరిగినవాళ్ళే తడబడతారు. మనలాంటోడి సంగతి చెప్పక్కర్లేదు. అక్కడి మూడు లోయలూ కలిపి దాదాపు 600 కిలోమీటర్ల బాటలు. మనం మొదటి మూడు రోజులు జారేది పిల్లలు నేర్చుకునే వంద మీటర్ల వాలు మీద! మొత్తానికి పాస్ కొనడం ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

పోనీ ఎత్తే కావాలా? గుల్మార్గ్ ఊరే 2,650 మీటర్లు. వాల్ థొరెన్స్ కన్నా పైన. గొండోలా ఎక్కితే ఇంకో వెయ్యి మీటర్లకి పైనే. కేంద్ర పర్యాటక శాఖ వాళ్ళ స్కీయింగ్ సంస్థ అక్కడే ఉంది, మొదట్నుంచీ నేర్పిస్తారు. వీసా గొడవ లేదు. అలాగని గుల్మార్గ్‌కి గ్యారంటీ ఏమీ లేదు, 2024 జనవరి చాలా వరకు మంచే పడక బోసిగా ఉంది. ఆ పై వాలులు తమాషా కూడా కాదు, 2023 ఫిబ్రవరిలో హిమపాతంలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. కొత్తవాళ్ళం కింద మైదానంలోనే ఉండాలి.

ఇన్సూరెన్సు సంగతి ఎవడూ మాట్లాడ్డం లేదు. షెంజెన్ వీసాకి 30,000 యూరోల పాలసీ అడుగుతారు కదా, అది ఉంటే చాలనుకుంటున్నారు. చాలా పాలసీల్లో స్కీయింగు ప్రమాదాలు కలవవు, వేరుగా కట్టాలి. మోకాలి లిగమెంటు తెగితే కొండ మీంచి దించడానికే బిల్లేస్తారు. పాలసీ కాగితం మొత్తం చదవండి బాబూ, ప్రొడక్షన్‌లో పెట్టాక చదివే డాక్యుమెంటు కాదది.

ఇంతలో మా నాయిన వచ్చి స్క్రీన్ చూశాడు. "గా మంచుల ఏముందిరా? ఎన్ని పైసలైతయ్?" అన్నాడు. లక్ష అని చెప్పా. అబద్ధం. తలా రెండున్నర లక్షలు తేలింది. యాసంగిలో నాలుగెకరాల వడ్లు అమ్మితే వచ్చేంత, అదీ పెట్టుబడి తీయకముందు. మంచు మనలాంటోళ్ళకి కాదు అంటాడేమో, వాదిద్దామని రెడీగా ఉన్నా. ఆయన అలా అనలేదు. "మన జిల్లా పిల్ల ఎవరెస్టు ఎక్కలేదా" అన్నాడు. మాలావత్ పూర్ణ. పాకాల పిల్ల, కూలి చేసుకునేవాళ్ళ బిడ్డ. 2014 మే 25న పదమూడేళ్ళకే ఎక్కింది. "ఊకెనే ఎక్కిందా? ముందుగాల భువనగిరి గుట్ట మీద నేర్సుకున్నది, ఎనక డార్జిలింగు పోయింది" అని కల్లం వైపు వెళ్ళిపోయాడు.

రాత్రి కాల్‌లో ముందు గుల్మార్గ్ పోదామన్నాను. ఇద్దరు సరేనన్నారు. మిగతా ఇద్దరికీ వాల్ థొరెన్సే కావాలట, ఫోటోలు వేరే లెవెల్లో ఉంటాయట. శుక్రవారం లోపు తేల్చాలి. నాయినకి అసలు అంకె ఇంకా చెప్పలేదు.