ఆచంద్రార్కమా? అద్దెకా?

వంశధారా తీరమందలి శ్రీముఖలింగ క్షేత్రము ఒకనాడు తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరము. ఈ విషయమును శాసనాధారములతో స్థాపించినవారిలో, సమీపమందలి పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ప్రముఖులు. అచ్చటి మధుకేశ్వరాలయమున 11, 12 శతాబ్దులనాటి దానశాసనములు పెక్కు కలవు. ఆనాటి దాత స్వామికి అఖండదీపము సమర్పించి, అది ఆచంద్రార్కము వెలుగవలెనని ఱాతిపై చెక్కించెడివాడు. అంతటితో నూరకుండక, దీపమునకు వలయు నేతికై పసులనో మాడలనో యొసంగెడివాడు. కలకాలము నిలుచునని మాట యిచ్చువాడు అది నిలుచుటకు తగిన యేర్పాటును గూడ చేయవలెననుట ఆనాటి న్యాయము.

నేటి క్రీడావర్తకమున ఈ న్యాయము తలక్రిందులగుచున్నది. అమెరికాలోని బంజీ సంస్థవారు 2014లో ‘డెస్టినీ’ అను వీడియో గేమును, 2017లో ‘డెస్టినీ 2’ను ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ అను గృహక్రీడాయంత్రములకు వెలువరించిరి. ఆడువాడు భూమిపై మిగిలిన కడపటి నగరమునకు సంరక్షకుడై, గ్రహమునుండి గ్రహమునకు పయనించి శత్రువులను తుపాకులతో నెదుర్కొనును. అనుభవము గడించినకొలది బలమును, ఆయుధములను పెంపొందించుకొనును. సామాన్యముగా మువ్వురు జట్టు కూడుదురు. పెద్ద దండయాత్రలకు ఆర్వురు కావలెను. దూరదేశముల మిత్రులు ఒక్క రణరంగమున కలసికొందురు. ఇది వట్టి కాలహరణమని యీసడించుట మా యభిమతము కాదు. చదరంగమునకు పుట్టినిల్లైన దేశము ఆటను నిందింపరాదు.

మా యాక్షేపణ వేఱు. ఈ యాట మన యింటి యంత్రమున నడుచునట్లు కన్పట్టినను, దాని ప్రాణము సంస్థవారి సర్వరులలో నున్నది. ఇంటర్నెట్టు లేనిదే ఆట లేదు. 2020 నవంబరు 10వ తేదీన సంస్థవారు బుధ, కుజ గ్రహములను, బృహస్పతి చంద్రుడగు అయోను, శని చంద్రుడగు టైటానును ఆటనుండి తొలగించిరి. అంతకుముందు వెలకమ్మిన కథాభాగములును వానితో పోయినవి. 2022 ఫిబ్రవరిలో ‘ఫోర్‌సేకన్’ కథయు నట్లే యంతర్ధానమయ్యెను. ఆట మితిమీఱి పెరిగినందున దానిని నిర్వహించుట దుర్భరమైనదని సంస్థవారు చెప్పిరి. కొన్ని తావులు తరువాత మరలివచ్చిన మాట నిజమే. కాని కొన్నవాని యనుమతి నెవ్వరడిగిరి? 2019లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారు విక్రయించిన ‘యాంథమ్’ గతి మఱింత దారుణము. 2026 జనవరి 12న సర్వరులు మూయబడుటతో, ఏడేండ్లైనను నిండకమున్నే ఆట సమస్తము నశించెను. ఇంట నున్న డిస్కు బిళ్లగా మిగిలెను.

‘షరతులకు సమ్మతించితిరి గదా!’ యని వర్తకులందురు. అంగడిలో ‘కొనుము’ అని పెద్ద యక్షరములతో వ్రాసి, ‘ఇది అనుమతి మాత్రమే’ యని సూక్ష్మాక్షరములతో షరతులలో దాచుట సమ్మతిని గోరుటగునా? ఈ కపటమును అరికట్టుటకే కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో చట్టము చేసెను. అమ్మునది అనుమతి మాత్రమేయని స్పష్టముగా తెలుపక ‘కొనుము’ అను మాటను వాడుట 2025 నుండి అచ్చట నిషిద్ధము. ఐరోపాలో, అమ్మిన యాటలను చంపరాదని కోరు మహజరుపై 10 లక్షలకు మించిన పౌరులు సంతకములు చేసిరి.

మన దేశమున 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగు చట్టము డబ్బు పందెపు టాటలను నిషేధించినది. అది మంచిపనియే. కాని పందెము కాయక, న్యాయముగా వెలయిచ్చి ఆటను గొన్న వాని మాటయేమి? 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమున, 2(46) నిబంధన ‘అన్యాయపు టొప్పందము’ను నిర్వచించినది. తగిన కారణము లేక ఏకపక్షముగా రద్దుచేయు నధికారమును ఒక పక్షమునకిచ్చి, వినియోగదారుని హక్కులను గణనీయముగా మార్చు నొప్పందము అందు చేరును. అట్టి ఫిర్యాదులను రాష్ట్ర కమిషనులు విచారింపవచ్చును. ఆయుధము చేతనున్నది, ప్రయోగించువారు కావలెను.

సర్వరులను ఆచంద్రార్కము నడుపుమని మేము కోరుట లేదు. మేము కోరునవి మూడు. ఆట ఎంతకాలము నడుపబడునో అమ్మునాడే తేదీతో ప్రకటింపవలెను. వెలకమ్మిన భాగమును తొలగించినచో, దాని వెలను తిరిగి చెల్లింపవలెను. సర్వరులను మూయునాడు, కొన్నవారు తమ కంప్యూటరులతోనైనను ఆటను నడుపుకొను సాధనము నొసంగవలెను. ఇందు అసాధ్యమైనది లేదు. దీపమును నిలుపుటకు పసుల నిచ్చిన దాత చేసినదియు నింతే.

శ్రీకాకుళపు విద్యార్థి నెలలకొలది కూడబెట్టిన సొమ్మును, ధనికుని సొమ్మును ఈ సంస్థలు సమానముగా గైకొనుచున్నవి. నష్టము మాత్రము పేదవానికే గాఢముగా తగులును. అంతరిక్షమున నగరమును రక్షించుటకు ఆర్వురు జట్టు కూడుచున్న మన యువకులు, తమ హక్కును రక్షించుకొనుటకును అట్లే జట్టు కూడి రాష్ట్ర కమిషనుల నాశ్రయింతురుగాక. కొన్నది కొన్నవానిదే యను సామాన్యధర్మమును మన ప్రభుత్వము శాసనముగా వ్రాయునుగాక.