మాస్టారి కబుర్లు: మార్కులు వెయ్యని టీచరు

పిల్లలూ,

ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి నాకు ఉత్తరం రాసింది. వాళ్ళ బడికి ఈ ఏడు కొత్తగా ఒక కౌన్సెలర్ వచ్చారట. మేడమెట్ల పక్కన ఉన్న చిన్న గది ఆవిడకు ఇచ్చారట. ఆ గదిలోకి ఎవరు వెళ్ళినా, "ఏమే, నీకు పిచ్చా?" అని మిగతావాళ్ళు ఏడిపిస్తున్నారట. "తాతయ్యగారూ! ఆవిడ పాఠం చెప్పరు, హోంవర్కు ఇవ్వరు, మార్కులు వెయ్యరు. మరి ఆవిడకు జీతం ఎందుకు ఇస్తున్నారు?" అని అడిగింది.

మంచి ప్రశ్న. జీతం సంగతి అడగటం నాకు మరీ నచ్చింది. ఆవిడ మార్కులు వెయ్యకుండా ఉండటానికే ఆ జీతం ఇస్తారు. అదెలాగో చెబుతాను, వినండి.

ఒక కుర్రవాడు అయిదో తరగతి దాకా తమ ఊళ్ళో తెలుగు బడిలో చదువుకుని, పట్నం వచ్చి ఇంగ్లీషు మీడియం బడిలో చేరాడు. చేరిన రెండు నెలలకు వాడికి కడుపునొప్పి పట్టుకుంది. చిత్రమేమిటంటే, ఆ నొప్పి సోమవారం ఉదయమే వచ్చేది, మంగళవారానికి పోయేది. తల్లి వాము నీళ్ళు తాగించింది. నాయనమ్మ దిష్టి తీసింది. తండ్రి డాక్టరుకు చూపించాడు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, జబ్బేమీ లేదన్నాడు.

"అయితే ఇది దొంగనొప్పే!" అన్నాడు తండ్రి.

దొంగనొప్పి కాదు. మనకు భయం వేసినప్పుడు, మూత్రపిండాల మీద టోపీల్లాగా ఉండే రెండు గ్రంథులు అడ్రినలిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. దానితో గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాళ్ళూ చేతుల కండరాలకు రక్తం ఎక్కువగా పోతుంది, జీర్ణకోశానికి తగ్గుతుంది. పులి ఎదురైనప్పుడు పరిగెత్తటానికి ఇది ఎంతో మంచి ఏర్పాటు. కాని బెంచీ మీద కదలకుండా కూర్చోవలసినవాడు ఎక్కడికి పరిగెత్తుతాడు? కడుపులో తిప్పటమూ, నొప్పీ మిగులుతాయి. మెదడుకూ పేగులకూ మధ్య నరాల ద్వారా ఎప్పుడూ కబుర్లు నడుస్తూనే ఉంటాయి. మనసులోని భయం కడుపులో నొప్పిగా తేలటంలో అబద్ధమేమీ లేదు.

ఆ బడిలో ఒక కౌన్సెలర్ ఉండేవారు. వాడు ఆవిడ గదికి వెళ్ళిన మొదటి రోజు నోరు విప్పలేదు. ఎదుట కాగితమూ పెన్సిలూ ఉంటే బెంచీల బొమ్మలు గీశాడు. ఆవిడ తొందరపెట్టలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు కూడా బెంచీలే గీశాడు. మూడోసారి ఆ బెంచీల మీద అంకెలు వేశాడు.

"సోమవారం మొదటి పీరియడు ఏమిటి నాన్నా?" అని ఆవిడ అడిగారు.

అప్పుడు సంగతి బయటపడింది. ఆ తరగతిలో శనివారం పరీక్ష పెట్టి, సోమవారం మొదటి పీరియడులో అందరి మార్కులూ పైకి చదివేవారు. తరవాత ర్యాంకుల వరసలో పిల్లల్ని కూర్చోబెట్టేవారు. వీడికి ప్రతి వారం ఆఖరి బెంచీయే. వాడికి లెక్కలు వచ్చు. ఇంగ్లీషులో ఉన్న ప్రశ్న అర్థమయ్యేది కాదు. సంచి భుజాన వేసుకుని అందరూ చూస్తుండగా వెనక్కు నడవవలసిన ఆ పది అడుగుల కోసం, ఆదివారం రాత్రి నుంచే వాడికి నిద్ర పట్టేది కాదు.

ఈ మాట వాడు క్లాసు టీచరుతో ఎందుకు చెప్పలేదు? ర్యాంకులు చదివేది ఆయనే గదా! పోనీ, హెడ్మాస్టరుతో చెప్పవచ్చుగా? నేను చాలా ఏళ్ళు హెడ్మాస్టరుగా ఉన్నాను. హెడ్మాస్టరు గదిలోకి వచ్చే పిల్లవాడు ముందు బల్ల మీద బెత్తం ఉందా అని చూస్తాడు. అక్కడ ఎన్నడూ బెత్తం లేకపోయినా చూస్తాడు. మనిషి ఎంత మంచివాడైనా సరే, మార్కుల రిజిస్టరూ టీసీ మీద సంతకమూ ఎవరి చేతిలో ఉన్నాయో, వారితో పిల్లలు ఆచి తూచి మాట్లాడతారు. అందుకే, ఆ రెండూ చేతిలో లేని పెద్దవారు ఒకరు బడిలో ఉండాలి.

ఆవిడ వాడికి నీతులేమీ బోధించలేదు. "ఈ సంగతి మీ సారుతో మాట్లాడనా, వద్దా?" అని వాణ్ణే అడిగారు. వాడు వారం రోజులు ఆలోచించి సరేనన్నాడు. ఆ తరవాత మార్కులు పైకి చదవటం ఆగిపోయింది. ఎవరి కాగితం వారికే ఇచ్చేవారు. లెక్కల మాస్టారు ప్రతి ప్రశ్ననూ ఒకసారి తెలుగులో కూడా చెప్పసాగారు. నొప్పి వెంటనే పోలేదు. దీపావళి దాకా అప్పుడప్పుడు వస్తూనే ఉంది. వాడికి మొదటి ర్యాంకూ రాలేదు. కాని సోమవారం బడి మానటం లేదు.

ఇదంతా ఆ కౌన్సెలర్ నాకు చెప్పలేదు. చెప్పరు కూడా. ఆ కుర్రవాడే పెద్దవాడయ్యాక చెప్పి, పేరు లేకుండా మీకు చెప్పమన్నాడు.

కౌన్సెలర్ అనే మాటకు కొందరు "సలహాదారు" అని అర్థం చెబుతారు. నాకది నచ్చదు. సలహాలకు మన ఇళ్ళల్లో కరువేముంది? పక్కింటివాళ్ళు కూడా ఉచితంగానే ఇస్తారు. వినేవారే దొరకరు.

ఈ పని అమెరికాలో మొదలైంది. 1907లో గ్రాండ్ రాపిడ్స్ అనే పట్టణంలో జెస్సీ డేవిస్ అనే హెడ్మాస్టరు, వారానికి ఒక ఇంగ్లీషు పీరియడులో పిల్లలచేత వారి నడవడి గురించీ, పెద్దయాక చెయ్యదలచిన పని గురించీ వ్యాసాలు రాయించే ఏర్పాటు చేశాడు. 1908లో బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన, యువకులు తమకు తగిన ఉద్యోగం ఎంచుకోవటానికి సాయపడే కార్యాలయం తెరిచాడు. మనసు బాధల సంగతి తరవాత వచ్చి చేరింది. ఇప్పుడు పదో తరగతి అయ్యాక ఎంపీసీయా, బైపీసీయా అని తేల్చుకోలేనివాళ్ళూ, ప్రాణస్నేహితులతో మాటలు మానేసినవాళ్ళూ, ఇంట్లో ఎవరో పోయి దిగులుపడేవాళ్ళూ అందరూ కౌన్సెలర్ దగ్గరికి వెళతారు. ఇందులో పిచ్చి ఎక్కడుంది?

మన దేశంలో 1952లో వేసిన సెకండరీ విద్యా సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ లక్ష్మణస్వామి మొదలియారు. ఆయన కర్నూలులో పుట్టినవాడే. బడిపిల్లలకు ఇటువంటి మార్గదర్శనం ఉండాలని ఆ సంఘం 1953లో చెప్పింది. 1964–66 నాటి కొఠారి సంఘం, కనీసం పది హైస్కూళ్ళకు ఒక కౌన్సెలర్ అయినా ఉండాలన్నది. చెప్పటం జరిగింది గాని, చాలా బళ్ళు ఆ మనిషి ముఖం చూడలేదు. విశాఖపట్నంలో చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని విషయంలో వచ్చిన కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ తగిన శిక్షణ పొందిన కౌన్సెలర్‌ గాని, అటువంటి మరొకరు గాని ఉండాలన్నది. మార్కులనుబట్టి పిల్లలను వేరు బ్యాచీలుగా విడదియ్యటమూ, నలుగురిలో అవమానించటమూ మానాలన్నది. మన కుర్రవాడి సోమవారం సంగతి కోర్టువారికి తెలియదు గాని, చెప్పినమాట మాత్రం అదే.

ఇక రహస్యం మాట. మీరు చెప్పింది కౌన్సెలర్ ఇతరులకు చెప్పరు. అయితే, మీ ప్రాణానికి అపాయం ఉన్నా, ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నా, ఒంటి మీద చెడుగా చెయ్యి వేస్తున్నా ఆవిడ ఊరుకోరు. మిమ్మల్ని కాపాడగలవారికి చెబుతారు. ఒంటి మీద చెయ్యి వేసేవారి సంగతి తెలిస్తే పోలీసులకు తెలియజెయ్యాలని 2012 నాటి చట్టం కూడా ఉన్నది. మంచి కౌన్సెలర్ ఈ ముక్క మొదటి రోజే చెప్పేస్తారు. "ఏం చెప్పినా ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేసేవారికన్నా అటువంటివారినే నమ్మవచ్చు.

అమ్మలకూ నాన్నలకూ ఒక మనవి. పిల్లవాడు ఆ గది నుంచి వచ్చిన రోజున, "ఏం చెప్పావు? నా మీద చెప్పావా?" అని అడగకండి. అన్నం పెట్టండి. చెప్పాలనుకుంటే వాడే చెబుతాడు.

మీ బడిలో కౌన్సెలర్ లేకపోతే, పిల్లల సాయం కోసం 1098 అనే నెంబరు రాత్రింబగళ్ళు పనిచేస్తుంది. మనసు బాగాలేనప్పుడు 14416 నెంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. రెంటికీ డబ్బు ఖర్చు లేదు.

మొదటి మాట ఏమని చెప్పాలో తెలియక, చాలామంది గుమ్మం దాకా వెళ్ళి తిరిగివస్తారు. "నాకేదో బాగాలేదు, ఎలా చెప్పాలో తెలియటం లేదు" అంటే చాలు. అదీ నోట రాకపోతే, చీటీ మీద మీ పేరూ తరగతీ రాసి తలుపు కింద నుంచి లోపలికి తొయ్యండి. స్నేహితుణ్ణి గుమ్మం దాకా తోడు తీసుకుపోవచ్చు. వాడు బయట కూర్చుంటే కౌన్సెలర్ ఏమీ అనరు.