ఉమ్రా దారిలో మజిలీ

కాబా గృహాన్ని కళ్లారా చూడాలన్నది ప్రతి విశ్వాసి కోరిక. అందుకోసం ఏళ్ల తరబడి పైసా పైసా కూడబెట్టే కుటుంబాలు మనలో ఎన్నో. హైదరాబాద్ నుంచి జిద్దాకు నేరుగా విమానాలున్నా, ఛార్జీ కలిసొస్తుందని దుబాయి, షార్జా, దోహాల మీదుగా వెళ్లేవారు చాలామంది. అందులో తప్పులేదు. ఆ మజిలీలో ఏం చేయాలో ముందుగా చెప్పేవారు లేకపోవడమే విచారకరం.

మొదటిది ఇహ్రామ్. గల్ఫ్ నుంచి వెళ్లే విమానం జిద్దాలో దిగకముందే మీఖాత్ హద్దు దాటుతుంది. దిగాక ఇహ్రామ్ ధరిద్దామనుకుంటే ఆలస్యమైనట్లే. మీఖాత్‌కు తిరిగి వెళ్లాలి, లేదా పరిహారంగా దమ్ ఇవ్వాలి. కనుక ఇహ్రామ్ వస్త్రాలు పెద్ద పెట్టెలో కాక చేతి సంచిలోనే ఉండాలి. విమానం మారేచోట వుజూ చేసి వాటిని ధరించాలి. మీఖాత్ రాకముందే నియ్యత్ చేసి తల్బియా పఠించాలి. ముందుగా మదీనా వెళ్లేవారికి ఈ తొందర లేదు. మక్కాకు బయలుదేరినప్పుడు వారి మీఖాత్ జుల్ హులైఫా.

రెండవది టికెట్టు. ప్రయాణమంతా ఒకే టికెట్టుపై ఉండి, మొదటి విమానం ఆలస్యం వల్ల రెండవది తప్పిపోతే, మరో విమానంలో పంపే బాధ్యత సాధారణంగా విమాన సంస్థదే. టికెట్లు వేర్వేరైతే ఆ భారం యాత్రికుడిదే. సామాను తీసుకుని మళ్లీ అప్పగించడానికి బయటికి రావాలంటే ఆ దేశపు వీసా కూడా కావాలి. టికెట్టుపై వేసేది ఎక్కడి సమయం అక్కడిదే. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర, సౌదీ గడియారం రెండున్నర గంటలు వెనుక.

మూడవది నమాజు. ప్రయాణీకుడికి జొహర్, అసర్, ఇషా ఫర్జ్‌లను రెండేసి రకాతులకు తగ్గించి అల్లాహ్ సౌలభ్యం ప్రసాదించాడు. ఫజర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమామ్ వెనుక చేస్తే మాత్రం పూర్తిగా చేయాలి. గల్ఫ్ విమానాశ్రయాల్లో నమాజు గదులుంటాయి. హడావుడి సాకుతో నమాజు వదలరాదు. నమాజు గదిలో కునుకు తీసి విమానం వదులుకోనూరాదు. బయలుదేరే వేళకు ముందే గేటు మూసేస్తారు.

ట్రావెల్స్ నడిపే సోదరులారా! యాత్రికుల సొమ్ము మీ చేతిలో అమానతు. మజిలీ ఎక్కడ, ఎన్ని గంటలు, టికెట్టు ఒకటా రెండా అన్నది డబ్బు తీసుకోకముందే చెప్పండి. నడవలేని వృద్ధులకు చక్రాల కుర్చీ ముందే అడిగి పెట్టండి. మస్జిదు కమిటీలు ఉమ్రా విధులు నేర్పేటప్పుడు ఈ నాలుగు మాటలూ చేర్చాలి. ఒంటెను కట్టి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్నది దైవప్రవక్త (స) బోధ. జాగ్రత్త పడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, అందులో భాగమే.