ఒంటికి నప్పే రంగు

పోయిన మాఘమాసంలో మా తమ్ముడి కూతురికి పెళ్లిచూపులంటే నరసరావుపేట వెళ్లాను. పిల్ల చామనచాయ; కళగల మొహం, చక్కని కళ్లు. నేను వెళ్లేసరికి మంచం మీద ఉల్లిపొర రంగు చీర, పక్కనే పౌడరు డబ్బా సిద్ధంగా ఉన్నాయి.

"ఇదేం చీరే?" అన్నాను మరదలితో.

"లేతరంగు కడితే కాస్త తెల్లగా కనిపిస్తుంది కదా వదినా!" అంది.

పిల్ల తల దించుకుని, "నాలాంటి దానికి ఏది కట్టినా ఒకటే అత్తయ్యా" అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

చాలామంది మా మరదలిలాగే అనుకుంటారు. కాని జరిగేది తలకిందులు. చింతపండు ముద్దను తెల్లకాగితం మీద పెట్టి చూడండి, నల్లపలక మీద పెట్టి చూడండి. కాగితం మీదే మరింత నల్లగా కనిపిస్తుంది. షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాలకు అధికారిగా ఉండేవాడు. అక్కడి నల్లరంగు వెలవెలబోతోందని ఫిర్యాదు వచ్చింది. పరీక్షిస్తే లోపం ఆ రంగులో లేదు, దాని పక్కన నేసిన రంగుల్లో ఉంది! ఈ సంగతి మీద ఆయన 1839లో పెద్ద గ్రంథమే రాశాడు. అందులో ఆడవాళ్ల దుస్తుల మాట కూడా ఎత్తాడు.

పిల్లచేత మొహం కడిగించి, పగటి వెలుతురులో వాకిట్లో కూర్చోబెట్టాను. కొట్లో దీపాల కింద ఒకలా, ఎండలో ఒకలా కనిపించే రంగులు చాలా ఉన్నాయి. బీరువాలోని చీరలు ఒక్కొక్కటే గడ్డం కింద పట్టి, అద్దమిచ్చి, "చీరను చూడకు, నీ మొహం చూసుకో" అన్నాను. ఉల్లిపొర రంగుకి కళ్లకింద నీడలు తేలాయి. గంధం రంగు ఒంట్లో కలిసిపోయింది. వంగపండు రంగు మంగళగిరి చీర పట్టేసరికి కళ్లు మెరిశాయి. మరదలు కూడా నోరు మెదపలేదు.

చామనచాయ అంతా ఒకటి కాదు సుమండీ. పసిమి తిరిగిన చాయకు ఇటుకరంగు, మెంతిరంగు, ముదురాకుపచ్చ తరచు నప్పుతాయి. కొందరికి నెమలికంఠం, వంగపండు. ఎవరికి వారు వెలుతురులో చూసుకోవలసిందే. ఇష్టపడి కొన్న చీర నప్పకపోతే పారేయనక్కర్లేదు. మొహానికి దగ్గరగా ఉండేది రవికే కనుక, నప్పే రంగు రవిక కుట్టించుకుంటే సగం సర్దుకుంటుంది.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో చూడండి: పొలాల్లో ఎండకు కమిలిన ఆడవాళ్లు ఎర్రని, పచ్చని చీరల్లో ఎంత నిండుగా ఉంటారో! ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఒంటి రంగును బట్టే కదా వచ్చింది. ఆమె అందానికి లోటేమిటి? నప్పే రంగు వెతుక్కునేది తెల్లగా కనిపించడానికి కాదు, మనం మనలాగే కళగా కనిపించడానికి.

ఆ సాయంత్రం పిల్ల పౌడరు లేకుండా, వంగపండు చీరతో, తల ఎత్తి మాట్లాడింది. ఆ సంబంధం జాతకాల దగ్గర ఆగిపోయింది. అది వేరే సంగతి. మొన్న ఫోను చేసి అంది:

"ఉల్లిపొర చీర చెల్లికిచ్చేశాను అత్తయ్యా. వాకిట్లో పెట్టి చూశాంలే, దానికి భలే నప్పింది!"