గెలిచినవాణ్ణి మాత్రమే చూశాం

1905 మే నెలలో త్సుషిమా జలసంధిలో అడ్మిరల్ టోగో రష్యా నౌకాదళాన్ని ముంచేశాడని తెలిసినప్పుడు మన దేశంలో చదువుకున్నవాళ్ల గుండెలు పొంగాయి. ఆసియావాడు తెల్లదొరను ఓడించాడు. ఆ పొంగు తప్పని అనలేను. పరాయి పాలనలో ఉన్నవాళ్లకు అలాంటి ఊరట ఎప్పుడోగాని దొరకదు. కానీ ఆ సంబరంలో పడి అదే ఏడాది జరిగిన మిగతా సంగతులు మనం చదవలేదు. చదివినవాళ్లం కూడా పక్కన పెట్టేశాం. అవి నేటికీ పక్కనే ఉన్నాయి.

త్సుషిమా జరిగి మూడు నెలలు కాకముందే, ఆగస్టు 12న, జపాన్ బ్రిటన్‌తో తన ఒప్పందాన్ని తిరగరాసుకుంది. కొరియా మీద జపాన్ పెత్తనానికి బ్రిటన్ ఒప్పుకుంది. భారతదేశంలో తన ఆస్తిని కాపాడుకునే హక్కు బ్రిటన్‌కు ఉందని జపాన్ ఒప్పుకుంది. మన విముక్తికి దారి చూపుతుందనుకున్న దేశం మన దాస్యపత్రం మీద సాక్షి సంతకం పెట్టింది. అదేమీ రహస్యంగా ఉండిపోలేదు, ఆ సెప్టెంబరులోనే లోకానికి తెలిసింది. 1915లో సింగపూరులో భారతీయ సిపాయిలు తిరగబడితే వాళ్లను అణచడానికి దిగినవారిలో జపాన్ నావికులూ ఉన్నారు. అయినా మన మనసులో జపాన్ బొమ్మ మారలేదు. మార్చుకుంటే మన గర్వంలోనూ కొంత కరిగిపోతుంది. అందుకే మార్చుకోలేదనుకుంటాను.

1853లో అమెరికా కమడోర్ పెర్రీ యుద్ధనౌకలతో ఎడో అఖాతంలోకి వచ్చి జపాన్‌ను బెదిరించడం మనకు తెలుసు. ఆ అవమానం 1868 నాటి మెయిజీ మార్పుకు దారితీసిందనీ తెలుసు. సరిగ్గా అదే పద్ధతిలో, 1876లో, జపాన్ తన నౌకలను కొరియా తీరానికి తెచ్చి అసమాన ఒప్పందం రాయించుకుందని ఎంతమందిమి చదివాం? అప్పటికి మెయిజీ మార్పుకు నిండా పదేళ్లు లేవు. తర్వాతెప్పుడో సైనికాధికారులు వచ్చి మంచి దేశాన్ని చెడగొట్టారని మనం చెప్పుకునే కథ అక్కడే వీగిపోతుంది. 1895లో చైనాను ఓడించి రాబట్టిన పరిహారం చాలావరకు సైన్యానికి పోయింది, కొంత యవతా ఉక్కు కర్మాగారానికి పెట్టుబడి అయింది. బ్రిటన్ కూడా అలాగే ఎదిగింది. ఆ కథలో దెబ్బతిన్నది మనం కాబట్టి దానికి దోపిడీ అని సరైన పేరే పెట్టాం. ఈ కథలో దెబ్బతిన్నది కొరియా, తైవాన్, చైనా కాబట్టి అభివృద్ధి అన్నాం.

జపాన్ లోపల మూల్యం చెల్లించినవాళ్లనూ మనం చూడలేదు. 1893లో బొంబాయి, కోబె మధ్య ఓడలు నడవడం మొదలయ్యాక మన దూది జపాన్ మిల్లులకు మరింతగా పోయింది. దాన్ని వడికినవాళ్లు పల్లెల నుంచి తెచ్చిన ఆడపిల్లలు. పన్నెండేసి గంటల షిఫ్టులు, రాత్రి పని, మిల్లు ఆవరణలోనే కాపలా మధ్య నిద్ర. క్షయ పట్టుకుని ఇంటికి చేరినవాళ్లు ఎందరో. జపానీయుల క్రమశిక్షణ అని మనం పొగిడేదాంట్లో ఆ పిల్లల ఊపిరితిత్తులూ ఉన్నాయి.

తెలియక అనడానికి వీల్లేదు. 1916లో రవీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ వెళ్లి, ఆ గడ్డ మీదే నిలబడి, జాతీయోన్మాదం వద్దన్నాడు. జైలు నుంచి కూతురికి రాసిన ఉత్తరాల్లో నెహ్రూ కొరియా గోడు చెప్పాడు. ఇద్దరినీ నెత్తిన పెట్టుకున్నాం, ఈ మాటలు మాత్రం దాటేశాం. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీదే జపాన్ బాంబులు పడ్డాయి. మలయా రబ్బరు తోటల నుంచి సయాం రైలు మార్గం పనికి జపాన్ తరలించిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు, చాలామంది తిరిగి రాలేదు. వాళ్ల గురించి బడిలో ఒక్క వాక్యం చదివిన గుర్తు నాకు లేదు. లేదేమని అడిగిన గుర్తూ లేదు.

పోనీ, అంతగా మెచ్చుకున్న జపాన్ నుంచి నేర్చుకోవలసిందైనా నేర్చుకున్నామా? 1872లో అక్కడ ఊరూరా బడి ఉండాలని ఆజ్ఞ వెలువడింది. ఆ ఖర్చు తమ మీద పడిందని రైతులు కొన్నిచోట్ల బడులు తగలబెట్టారు. 1900లో ప్రాథమిక విద్యకు ఫీజు ఎత్తేశారు, 1907లో నిర్బంధ విద్యను ఆరేళ్లకు పెంచారు. ఆ బడిలో చక్రవర్తికి తలవంచడమూ నేర్పారు, నిజమే. అయినా రైతుబిడ్డకు అక్షరం దొరికింది. ఇక్కడ గోఖలే 1911లో నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు తెచ్చాడు. మరుసటి ఏడు 13 మంది అవునన్నారు, 38 మంది కాదన్నారు. కాదన్నవాళ్లందరూ దొరలు కారు. స్వరాజ్యం వచ్చాక దొరల అడ్డు కూడా లేదు. అయినా విద్యాహక్కు చట్టం రావడానికి 2009 దాకా పట్టింది. ఈలోపు మన పిల్లలకు ప్రైవేటు బడి దొరికింది కదా అని ఊరుకున్నాం. ఊళ్లో సర్కారు బడికి పంతులు ఎందుకు రాలేదని అడగడం మానేశాం.

మెయిజీ పాఠం చెప్పే పంతుళ్లకు, జపాన్‌ను చూసి నేర్చుకోమని పిల్లలకు చెప్పే నాలాంటి పెద్దలకు ఒక విన్నపం. 1868 నుంచి ఒక్కసారిగా 1905కు దూకకండి. మధ్యలో 1872 ఉంది, 1876 ఉంది. ఆ రెండూ చెప్పండి.