లవకుశని మళ్ళీ తీయొచ్చా?

లవకుశ లాంటి సినిమాని మళ్ళీ తీయడం పాపం అనేవాళ్ళు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. ఒకరు మా నాన్నగారు, ఇంకొకరు మా అత్తయ్యగారు. వాళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరే విషయాలు లోకంలో చాలా తక్కువ, అందులో ఇదొకటి. 1963లో వచ్చింది లవకుశ, అదలాగే ఉండాలి, దాని జోలికి ఎవరూ పోకూడదు, అంతే. 2011లో బాపు గారు అదే కథని ‘శ్రీరామరాజ్యం’గా తీస్తే ఇద్దరూ చూశారు, ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు, బయటికొచ్చాక ఇద్దరూ “అయినా ఆ పాటలు ఎక్కడొస్తాయండీ” అన్నారు.

నాకు ఆ వాదన ఎప్పుడూ సగమే మింగుడు పడేది. ఏ సగమో ఈమధ్యే తెలిసింది. ఈ వారం కబుర్లు దాని గురించే.

అసలు మనం ఒరిజినల్ అనుకుంటున్న 1963 లవకుశే ఒక రీమేక్. 1934లో సి. పుల్లయ్య గారు కలకత్తాలో ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీకి ఇదే పేరుతో ఇదే కథ తీశారు. రాముడు పారుపల్లి సుబ్బారావు, సీత శ్రీరంజని (ఆ తర్వాత వచ్చిన శ్రీరంజని కాదు, ఆవిడ అక్కగారు). తెలుగు సినిమాకి మాటలొచ్చి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. ప్లేబ్యాక్ లేదు. తెర మీద ఎవరు కనిపిస్తే వాళ్ళే గొంతెత్తి పాడాలి. నాటకాల్లో పద్యానికి వన్స్ మోర్ కొట్టే జనం తెర ముందు కూర్చుని ఆ సినిమాని నెత్తిన పెట్టుకున్నారు.

పాతికేళ్ళ తర్వాత అదే పుల్లయ్య గారు నిర్మాత శంకరరెడ్డి గారితో కలిసి అదే కథ మళ్ళీ మొదలుపెట్టారు. మధ్యలో ఏళ్ళ తరబడి ఆగింది. పుల్లయ్య గారి ఆరోగ్యం దెబ్బతింటే వాళ్ళబ్బాయి సి.ఎస్. రావు గారు పూర్తి చేశారు. చివరికి 1963 మార్చిలో విడుదలైంది. తెలుగులో మొట్టమొదటి పూర్తి రంగుల సినిమా అదే. రాముడు ఎన్టీఆర్, సీత అంజలీదేవి, వాల్మీకి నాగయ్య, సంగీతం ఘంటసాల. పిల్లల గొంతులు లీల, సుశీల. అంటే తన సొంత సినిమానే ఆయన కొత్త జనం కోసం తిరగరాసుకున్నారన్నమాట. 1934 సినిమా చూసి పెరిగిన తాతగారు ఎవరో ఒకరు హాల్లో కూర్చుని “సీతంటే శ్రీరంజనేనోయ్” అని గొణుక్కునే ఉంటారు. ఆయన గొణుగుడు మనదాకా రాలేదు. రేపు మా నాన్నగారిది కూడా రాదేమో.

కాబట్టి మళ్ళీ తీయొచ్చా లేదా అన్న ప్రశ్నకి 1963లోనే జవాబు దొరికేసింది. అసలు ప్రశ్న, ఏం వదులుకోవచ్చు, ఏం వదులుకోకూడదు అన్నది.

మా ఉద్యోగాల్లో ఇది మామూలే. ఇరవై ఏళ్ళనాటి పాత సిస్టమ్ తీసేసి కొత్తది రాయమంటారు. పాత కోడ్‌లో ఒక్క లైను కూడా ఉంచుకోనక్కర్లేదు. కానీ అది ఏమేం పనులు చేస్తోందో ముందు జాబితా రాసుకోవాలి. ఏ డాక్యుమెంట్‌లోనూ రాయని పని ఒకటి అది చడీచప్పుడు లేకుండా చేస్తూ ఉంటుంది. దాన్ని వదిలేస్తే మొదటి వారం ఎవరికీ తెలీదు. మూడో నెల ఎవరో ఫోన్ చేసి, “ఇదివరకు ఫలానాది వచ్చేదండీ, ఇప్పుడు రావట్లేదు” అంటారు.

బాపు గారు ఆ జాబితా ఎంత బాగా రాసుకున్నారో చూడండి. లవకుశలో పాట తీసేస్తే కథే లేదు. ఎదురుగా పాడుతున్నది తన పిల్లలని తండ్రికి తెలీదు, వింటున్నది తమ తండ్రని పిల్లలకి తెలీదు. మధ్యలో ఉన్న ఒకే ఒక్క వంతెన పాట. ఆ తండ్రి కథే ఆ తండ్రికి పాడి వినిపిస్తారు. ఏ కాలంలో తీసినా ఈ ఒక్క సన్నివేశం నిలబడాలి. దాన్ని నిలబెట్టడానికి ఘంటసాల గారి బాణీలే వాడుకుని ఉండొచ్చు. నాలుగు పాత పల్లవులు తెచ్చి కొత్త వాయిద్యాలు తగిలిస్తే హాల్లో ఈలలు గ్యారంటీ. ఆయన ఆ దారి పట్టలేదు. ఇళయరాజా గారి చేత కొత్త బాణీలు కట్టించారు, జొన్నవిత్తుల గారి చేత కొత్త పాటలు రాయించారు. ముళ్ళపూడి రమణ గారు మాటలు రాసి, సినిమా విడుదల చూడకుండానే 2011 ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు. హనుమంతుడు చిన్నపిల్లాడి రూపంలో వచ్చి అడవిలో సీతకి తోడుగా తిరగడం ఈ సినిమాలో ఉంది. పిల్లల్ని ఆ కథలోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది ఆ పిల్లాడే.

దీనికి పూర్తిగా తలకిందులుగా చేసినవాళ్ళూ ఉన్నారు. 1961లో వచ్చిన ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ అమెరికా వాళ్ళకి మన లవకుశంత సినిమా, పది ఆస్కార్లు వచ్చాయి. 2021లో స్పీల్‌బర్గ్ మళ్ళీ తీశాడు. బెర్న్‌స్టీన్ సంగీతం, సోండ్‌హైమ్ పాటలు అలాగే ఉంచి చుట్టూ ఉన్నవి మార్చాడు. పాత సినిమాలో ప్యూర్టో రికో అమ్మాయి వేషం వేసిన నటి ఆ జాతి మనిషి కాదు, పాటలు పాడింది ఇంకొకరు. కొత్తదాంట్లో లాటిన్ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళని తీసుకుని వాళ్ళ చేతే పాడించాడు. వాళ్ళు స్పానిష్‌లో మాట్లాడుకుంటే కింద సబ్‌టైటిల్స్ కూడా వెయ్యలేదు. పాత సినిమాలో ఆస్కార్ తెచ్చుకున్న రీటా మొరేనోని పిలిచి ఒక పెద్ద పాట ఆవిడకిచ్చాడు. మనవాళ్ళూ వాల్మీకిగా అక్కినేనిని, రాముడిగా ఎన్టీఆర్ గారబ్బాయి బాలకృష్ణని పెట్టుకున్నారు కదా. పాతకాలం నుంచి ఒక మనిషి వచ్చి దీవిస్తే చూసేవాడికి ధైర్యం. ఈ కిటుకు మాత్రం ఇద్దరిదీ ఒకటే.

స్పీల్‌బర్గ్ పాటలు ఉంచి మనుషుల్ని మార్చాడు. బాపు గారు కథని ఉంచి పాటల్ని మార్చారు. రెండూ సరైన పనులే అని నేను చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడూ తొంభై పాళ్ళు అదే అంటాను. మిగిలిన పది పాళ్ళ గురించి చెప్పాలంటే మా ఇంటిదాకా రావాలి.

మేముండేది సెరంగూన్‌లో. సెరంగూన్ అనగానే అందరూ లిటిల్ ఇండియాలో ఉన్న సెరంగూన్ రోడ్డు, ముస్తఫా, పెరుమాళ్ గుడి అనుకుంటారు. అది కాదు. మేము అక్కణ్ణించి ట్రైన్‌లో ఐదు స్టేషన్లు ఇవతల ఉంటాం. మా పాపకి ఎనిమిదేళ్ళు. సింగపూర్ స్కూళ్ళలో మాతృభాష సబ్జెక్టు కింద మన దేశపు భాషల్లో తమిళం ఉంది, కాకపోతే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. అందుకని దాని ‘మాతృభాష’ హిందీ. తెలుగు దానికి ఇంట్లో అన్నం తిననని మారాం చేసే భాష, వాట్సాప్‌లో తాతయ్యతో మాట్లాడే భాష.

మొన్న స్కూలు సెలవుల్లో దానికి ముందు శ్రీరామరాజ్యం పెట్టాను. కదలకుండా చూసింది. కోతిపిల్లాడు అంటూ హనుమంతుణ్ణి చూసి నవ్వింది, చివర్లో సీత భూమిలోకి వెళ్ళిపోతుంటే వాళ్ళమ్మ ఒళ్ళో మొహం దాచుకుంది. సినిమా తన పని తాను చేసింది. ఇంకో వారం తర్వాత పాత లవకుశ పెట్టాను. మూడు గంటలకి పైగా ఉంటుంది, పాటలూ పద్యాలూ కలిపితే 30కి పైనే. మూడు రోజులు ముక్కలు ముక్కలుగా చూశాం. రెండో రోజు అడిగింది, “నాన్నా, వీళ్ళు మామూలుగా మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ మధ్యలో ఎందుకలా సాగదీస్తారు? ఇది పాటా, మాటా?”

నేను యతి, ప్రాస అని ఏదో మొదలుపెట్టాను. ఫోన్‌లో మా నాన్నగారు అందుకున్నారు. “అది పద్యం తల్లీ. మాటల్లో పట్టనంత దుఃఖం వస్తే పద్యం పాడతారు.”

నాకు నా జాబితాలో లేని పని ఏమిటో అక్కడ తెలిసింది. 1963 సినిమాలో పద్యాలు కొన్ని కంకంటి పాపరాజు గారి ఉత్తర రామాయణం నుంచి వచ్చినవి. అంటే ఆ పుస్తకం ఎన్నడూ తెరవని లక్షలమందికి ఆ కవి పద్యం నోటికి వచ్చింది. రిక్షా తొక్కేవాళ్ళూ పాడుకున్నారు, పొలంలో కూలికి వెళ్ళేవాళ్ళూ పాడుకున్నారు. సినిమా కథ చెప్తూ చెప్తూ పక్కనుంచి ఇంకో పని కూడా చేసింది, బళ్ళో పంతులుగారు చేసే పని. 2011 నాటికి పద్యం వెనక్కి జరిగింది, పాట ముందుకొచ్చింది. తప్పు పట్టలేం. అప్పటికి హాల్లో కూర్చున్నవాళ్ళలో సగంమందికి పద్యమంటే పరీక్షలో నాలుగు మార్కులు. కొత్త ప్రేక్షకుల కోసం తీసేటప్పుడు వాళ్ళకి తెలియనిది తగ్గిస్తాం. తగ్గించాక వాళ్ళకి అది తెలిసే దారి కూడా తగ్గుతుంది. ఎవరూ రాసి పెట్టని పని అదే. మూడో నెల ఫోన్ చేసింది మా పాప.

బాణీ మారితే నష్టం లేదు. ఇళయరాజా గారి బాణీకీ మా పాప ఏడ్చింది. నటులు మారితే నష్టం లేదు. నయనతార సీతేమిటి అని విడుదలకి ముందు అన్నవాళ్ళే తర్వాత ఆవిడకి నంది అవార్డు వస్తే సరే అన్నారు. పాటకైతే మా పక్కింటి తమిళావిడకీ, స్కూల్లో దాని హిందీ స్నేహితులకీ వాటా ఉంది. అదే 1963లో లవకుశని తమిళంలోనూ తీశారు, పక్కింటావిడకి ఆ సంగతి నాకన్నా ముందే తెలుసు. కానీ నాటకంలో పద్యం ఎత్తుకుని చివర రాగం తీసి చప్పట్లు కొట్టించుకోవడం మన సొంత సరుకు. అది మన సినిమాలోంచి జారితే ఇంకెవరి సినిమాలోనూ దొరకదు. సెరంగూన్ లాంటి చోట, బడిలో తెలుగు లేని పిల్లలకి, మరీ దొరకదు.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న పద్ధతి చెప్తాను, పనికొస్తే మీరూ చూడండి. కథకి శ్రీరామరాజ్యం. పద్యానికి లవకుశ, అదీ సినిమా మొత్తం కాదు, వారానికి ఒక్క పద్యం. ముందు మా నాన్నగారు ఫోన్‌లో మాటలు విడదీసి చెప్తారు, తర్వాత ఘంటసాల గారు పాడతారు. అర్థం సగం తెలుస్తుంది, మిగతా సగం తర్వాతెప్పుడో తెలుస్తుంది. నాకూ అలాగే తెలిసింది.

ఇక ఎవరైనా లవకుశని నాలుగోసారి తీస్తే, తీయాలనే నేను కోరుకుంటాను, పాటలన్నీ కొత్తవి పెట్టుకోండి, గ్రాఫిక్స్ ఎంత కావాలంటే అంత పోసుకోండి. మూడంటే మూడు పద్యాలు మాత్రం చివరి రాగం కత్తిరించకుండా ఉంచండి. అది పాటా మాటా అని హాల్లో పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి.