అరుదైన నాణెములు – అల్పమైన వెల

నాణెములను సేకరించుట రాజులకును ధనికులకును దగిన వినోదమే గాని పాఠశాల బాలురకు దగినది కాదని పలువురు తలంచుచుందురు. ఈ తలంపునకు కారణము లేకపోలేదు. ఇటలీ దేశమునకు రాజుగా నుండిన మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ బాల్యమునుండి నాణెములను గూర్చి, తన దేశపు నాణెముల పట్టికను 1910 మొదలు 1943 వఱకు ఇరువది సంపుటములుగా బ్రకటింపజేసెను. ఈజిప్టు రాజగు ఫరూకు సంపాదించిన నాణెములు 1954లో కైరో నగరమున వేలము వేయబడెను. ఇట్టి కథలను విన్నవారికి ఈ విద్య తమకు దూరమని తోచుట సహజము. ఐనను అరుదైన వస్తువెల్ల మిక్కిలి వెలగలదియే కావలెనను నియమము లేదనియు, పేదవిద్యార్థి గుప్పిటిలో సయితము అపురూపమైన నాణెము నిలువవచ్చుననియు మా యభిప్రాయము. అందులకు హేతువులను విన్నవింతుము.

వస్తువు యొక్క వెల దాని కొఱతను బట్టి మాత్రమే యేర్పడదు. దానిని కోరువారి సంఖ్యను బట్టియు నేర్పడును. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలయందు 1909లో లింకన్ ముఖబింబముతో సెంటు నాణెములు ముద్రింపబడెను. వానిలో శిల్పియగు విక్టర్ డేవిడ్ బ్రెన్నర్ పేరులోని మూడు తొలి యక్షరములు వెనుకవైపున గలవి 4,84,000. ఆ దేశమున సెంటులను సంవత్సరక్రమమున గూర్చువారు అసంఖ్యాకులు; వారిలో బ్రతివానికిని ఈ సెంటు కావలయును. కావుననే అరిగిపోయిన దానికి సయితము వందలకొలది డాలర్లు చెల్లింపవలసి వచ్చుచున్నది.

ఇక ఫ్రాన్సు తీరమునకు జేరువనున్న గెర్న్సీ యను చిన్నద్వీపమును జూడుడు. అచ్చటి వారికి బూర్వము ప్రత్యేకముగా నాణెములుండెడివి. వానిలో మిక్కిలి చిన్నది డబుల్. అది పెన్నీలో ఎనిమిదవ వంతు. 1938 సంవత్సరపు గుఱుతుతో బర్మింగుహాము నగరమున ముద్రింపబడిన డబుళ్లు 96,000 మాత్రమే. అనగా పైని జెప్పిన సెంటులలో నించుమించు అయిదవ వంతు. ఐనను దానిని వెదకువారు కొలదిమంది యగుటచే నేడది యొక సామాన్యమైన పుస్తకము వెలకే దొరకుచున్నది. అది ముద్రితమైన రెండేండ్లకే, 1940లో, జర్మనులు ఆ ద్వీపము నాక్రమించి 1945 వఱకు పాలించిరి. అంతటి కాలమును జూచిన రాగిబిళ్ల యొక విద్యార్థి పెట్టెలో నుండుట సామాన్యమైన విషయమా?

చిన్న నాణెము పెద్ద ప్రశ్నలను లేవదీయును. ఇంగ్లండు పడమటి తీరమున లండీ యను ద్వీపము కలదు. దానిని గొనిన మార్టిన్ కోల్స్ హార్మన్ అనునాతడు 1929లో ఒకవైపున తన శిరస్సును, రెండవవైపున పఫిన్ అను సముద్రపక్షిని జెక్కించి, పఫిన్ అనియు అర్ధపఫిన్ అనియు పేళ్లు పెట్టి, ఒక్కొక్కటి 50,000 చొప్పున నాణెములను ముద్రింపించెను. ప్రభుత్వమువారు 1870 నాటి నాణెముల చట్టము ననుసరించి యాతనిపై నభియోగము దెచ్చిరి. అయిదు పౌనుల జుల్మానా విధింపబడెను. 1931లో పై న్యాయస్థానమును దానిని స్థిరపఱచెను. భూమి తనదైనంతమాత్రమున నాణెముపై దన బొమ్మను వేసికొను నధికారము కలుగునా? రాజ్యాధికార మననేమి? పౌరశాస్త్రమున బెక్కు పుటలు చదివినను స్ఫురింపని యీ ప్రశ్న ఆ కంచుబిళ్లను జేతబట్టినంతనే స్ఫురించును.

మఱియొక దృష్టాంతము. 1940 ఏప్రిల్ మాసమున జర్మనీ డెన్మార్కు నాక్రమింపగా, ఆ దేశమునకు జెందిన ఫారో దీవులలో బ్రిటిషు సైన్యము దిగెను. దీవులకు జిల్లర కఱవగుటచే 1941లో లండను నగరమున డెన్మార్కు నాణెముల వంటి నాణెములనే ముద్రించి పంపిరి. కోపెన్‌హేగను టంకశాల గుఱుతగు చిన్న హృదయచిహ్నము మాత్రము వానిపై లేదు. ఆవగింజంత గుఱుతు లేకపోవుటలో నొక మహాయుద్ధచరిత్ర యిమిడియున్నది. దానిని గుర్తించుటకు ధనము వలదు, సూక్ష్మదృష్టి వలయును.

అయితే ముద్రింపబడిన సంఖ్యయే యరుదునకు గొలత యని నిశ్చయింపరాదు. ఎన్ని మిగిలినవియో చూడవలెను. 1918లో అమెరికాలో నేర్పడిన పిట్మన్ చట్టమువలన 27 కోట్లకు బైబడిన వెండి డాలర్లు కఱగింపబడెను. ఆ వెండిలో నధికభాగము మన దేశమునకే వచ్చినది. ప్రపంచయుద్ధసమయమున నోట్లకు మాఱుగా వెండి రూపాయలను గోరిన ప్రజలకు జెల్లించుటకై యది వినియోగపడెను. కావున మన తాతముత్తాతల చేతులలో మెలగిన రూపాయలలో గొన్నింటి వెండి పూర్వజన్మమున డాలరై యుండవచ్చును. ఇట్టి విషయములు తెలిసికొన్నవాడు పట్టికలోని యంకెలను గ్రుడ్డిగా నమ్మడు, హేతువును విచారించును. విద్యకు ఫలమిదియే గదా.

మన నాణెములును పరదేశీయులకు వింతయే. ఐదవ జార్జి చక్రవర్తి కాలపు అణా బిళ్లపై దాని విలువ నాలుగు దేశభాషల లిపులలో వ్రాయబడియుండెను. వానిలో మన తెలుగొకటి. గెర్న్సీ బాలుడెవడైన నా బిళ్లను జేత బట్టి, ఈ గుండ్రని యక్షరము లెవ్వరివని యడిగినచో, వానికి మన దేశపటమును దెఱచి చూడక తప్పదు.

ఇక నీ విద్యకు గలిగిన కీడును జెప్పక విడువరాదు. నేడు పెక్కుమంది బాలురు పాతనాణెమును జూచినంతనే "దీనికెన్ని లక్షలు వచ్చును?" అని యడుగుచున్నారు. ఈ యాశను గనిపెట్టి మోసగాండ్రు వలపన్నుచున్నారు. పాతనోట్లను నాణెములను గొందుమని చెప్పి, తన పేరు వాడుకొని రుసుములను బన్నులను గుంజువారిని నమ్మవలదని భారతీయ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో బ్రజల హెచ్చరింపవలసి వచ్చెను. లక్షల కాశించి వేలు పోగొట్టుకొనుటకంటె, కొలది రూకలతో గొన్న బిళ్లనుండి ఖండాంతరచరిత్రను సంపాదించుట మేలని మేము నొక్కి వక్కాణింతుము. వెలనుబట్టి విలువ నెంచు నలవాటు నాణెములతో నాగదు. అది పిమ్మట చదువునకును, స్నేహమునకును, తుదకు మనుష్యులకును బ్రాకును. దానిని మొలకయందే త్రుంచుట కీ వినోదము మంచి సాధనము.

ఇది లోభమును బెంచదా యని కొందఱు పెద్దలు శంకింపవచ్చును. హద్దులేని సంపాదన మేదైనను లోభమే. కావున నొక దేశమునో, ఒక కాలమునో యెన్నుకొని, చిరుతిండికి వెచ్చించు దానిలో గొంత మిగిల్చి, ఆ మేరకే కొనవలెను. కొన్న ప్రతినాణెమునకు నొక చీటి వ్రాసి, దాని దేశమును, కాలమును, కథను అందు బొందుపఱపవలెను. చీటి లేని నాణెములు మూటలోని చిల్లరయే. తళతళలాడవలెనని చింతపండుతోను బూడిదతోను దోమరాదు. ఇత్తడిచెంబునకు మేలగు నా పని నాణెము ముఖమును జెఱచును.

విధవరాలి రెండు కాసుల వృత్తాంతమును మన పాఠశాలలో నెఱుగనివారుండరు. ధనికులు వేసిన కానుకలకంటె దేవాలయపు పెట్టెలో బడిన యా రెండు లెప్టాలే యెక్కువ యని ప్రభువు తీర్పుజెప్పెను. నాటి యూదయలో నంతకంటె జిన్న నాణెము లేదు. ఐనను పెక్కు చక్రవర్తుల బంగారునాణెములకు లేని కీర్తి దానికి గలిగెను. నాణెమునకు దగిన కొలత యేదో ఆ తీర్పే మనకు నేర్పుచున్నది. విద్యార్థులారా! అంగడిలోని వెలను జూచి వెనుదీయకుడు, వెలను జూచి వెంటబడకుడు. పరులు చూడక విడిచిన చిన్న బిళ్లను మీరు చేతికి దీసికొని, అది చెప్పు మాటను వినుడు.